టాటోర్ట్ చూడమని అందరూ అంటారు, ఎక్కడ మొదలెట్టాలో ఎవరూ చెప్పరు

పెసరట్టు_మ్యూనిక్
టాటోర్ట్ అంటే ఇక్కడ జర్మన్ టీవీలో ఆదివారం రాత్రి వచ్చే హత్య కేసుల సీరియల్. సోమవారం వస్తే చాలు, మా ఆఫీసు కాఫీ మెషీన్ దగ్గర ఒకటే చర్చ. నిన్న టాటోర్ట్ చూశావా, నేను ఇంటర్వెల్ లోపే పట్టేశా వాళ్ల బావే చంపాడని, ఇదే గోల. నేను అన్నీ తెలిసినట్టు తలూపి కప్పు పట్టుకుని సీటుకొచ్చి పడతాను. జర్మన్ భాష పరీక్షల్లో బీ1 పాసయ్యాను, బీ2 ఈడుస్తున్నాను. మా జర్మన్ టీచరుదీ అదే పాట, టాటోర్ట్ చూడు భాష దానంతటదే నోటికొస్తుందని.

సరే కదాని ఏఆర్‌డీ వాళ్ల ఆన్‌లైన్ సైటు మీడియాథెక్ తెరిచి కూర్చున్నా. మొదటిదాంట్లో మా మ్యూనిక్‌లోనే తల నెరిసిన ఇద్దరు ఆఫీసర్లు. బాగానే ఉన్నారు, అలవాటు పడదాం అనుకున్నా. రెండోది పెడితే వాళ్లు లేరు. వేరే ఊరు, వేరే మనుషులు. మూడోదాంట్లో ఇంకో జంట, వియన్నా యాస. సబ్‌టైటిల్స్ పెట్టుకున్నా సగం గాల్లో కలిసిపోయింది. ఒకే సీరియల్ అంటారు, ఒక్క మొహమూ రెండోసారి కనపడదు! పైగా గంటన్నరలో ముప్పావు వంతు ఎవరో ఒకరు కారులో కూర్చుని దిగులుగా బయటికి చూడ్డమే. ఫైటింగ్ లేదు, ఛేజింగ్ లేదు, హీరోకి ఒక ఎంట్రీ అన్నా లేదు.

దీనికి సీజన్లున్నాయా? ఏది ముందు, ఏది వెనక? తెలిసినవాళ్లు చెప్పి పుణ్యం కట్టుకోండి.

రూర్_రమణ
సీజన్ల లెక్క మర్చిపో తమ్ముడూ. అది ఒక సీరియల్ కాదు, ఒకే పేరు పెట్టుకున్న ఇరవై చిల్లర సీరియళ్లు. ఏఆర్‌డీ అంటే ఒక్క ఛానెల్ అనుకుంటున్నావు, అది ప్రాంతీయ ప్రసార సంస్థల కూటమి. కొలోన్‌లో డబ్ల్యూడీఆర్, హాంబుర్గ్‌లో ఎన్‌డీఆర్, మీ మ్యూనిక్‌లో బీఆర్, లైప్‌జిగ్‌లో ఎండీఆర్, ఇలా. అప్పట్లో పోటీ ఛానెల్ జెడ్‌డీఎఫ్‌లో ఒక పోలీసు సీరియల్ దుమ్ము రేపుతోంది. దానికి జవాబుగా డబ్ల్యూడీఆర్‌లో పనిచేసే గుంటర్ విట్టె ఈ ఆలోచన చెప్పాడు. ఎవరి ఊరి కేసు వాళ్లు తీయండి, ఎవరి పోలీసును వాళ్లు పెట్టుకోండి, టైటిలూ మ్యూజిక్కూ మాత్రం అందరికీ ఒకటే. మొదటిది 1970 నవంబర్ 29న వచ్చింది. ఆస్ట్రియావాళ్లు, స్విస్‌వాళ్లు తర్వాత చేరారు. నీకు తగిలిన వియన్నా యాస ఆ బాపతే.

కాబట్టి ఊరు ఎంచుకో. ఒక ఊరి జంటను పట్టుకుని వాళ్లవే వరసగా చూడు, మొహాలన్నీ మళ్లీ మళ్లీ కనపడతాయి.

కాకినాడ_కాజా
అంటే హైదరాబాద్ దూరదర్శన్ ఒక సీఐ గారిని, విజయవాడ దూరదర్శన్ ఇంకో సీఐ గారిని, విశాఖ వాళ్లు ఒక డీఎస్పీ మేడమ్‌ని పెట్టుకుని ఆదివారం రాత్రుళ్లు వంతులేసుకున్నట్టన్నమాట. బాగుందే ఐడియా. మనవాళ్లయితే మొదటి వారమే యాసల మీద కొట్టుకుందురు.

రూర్_రమణ
ఇక్కడా కొట్టుకుంటారు కాజా. స్విస్ టాటోర్ట్‌ని అక్కడివాళ్ల సొంత స్విస్ జర్మన్‌లో తీసి, జర్మనీలో వేసేటప్పుడు మామూలు జర్మన్‌లోకి డబ్ చేస్తారు. జర్మన్ నుంచి జర్మన్‌కి డబ్బింగ్!

నైట్‌షిఫ్ట్_నర్సు
భాష దానంతటదే వస్తుందన్న టీచరు మాట మాత్రం నమ్మొద్దు బాబూ. నేను లుడ్విగ్స్‌హాఫెన్ పక్కన ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తాను. టాటోర్ట్ చూసి నేర్చుకున్న జర్మన్‌తో మా పేషెంట్ల దగ్గరికెళ్తే "నిన్న రాత్రి ఎనిమిదికీ పదికీ మధ్య మీరెక్కడున్నారు" అనే వస్తుంది నోటికి.

కానీ ఆదివారం రాత్రి 8:15కి మా వార్డులో ఒక్క బెల్లు మోగదు. ఎనిమిదింటికి వార్తలు, టాగెస్‌షౌ, అది అవగానే టాటోర్ట్. మందులు ఎనిమిదిలోపు ఇచ్చేయాలి, లేకపోతే పది అయ్యేదాకా ఎవరూ నోరు తెరవరు, అటు జరగమ్మా తెర అడ్డమొస్తున్నావ్ అంటారు. మా ఊరి ఆఫీసరు లేనా ఓడెన్‌తాల్. ఉల్రికె ఫోల్కెర్ట్స్ అనే ఆవిడ 1989 నుంచి ఆ వేషం వేస్తోంది. మా ఆశ్రమంలో ఒక ముసలమ్మ ఆవిడను సొంత మనవరాలి గురించి చెప్పినట్టు చెబుతుంది, "ఈ మధ్య చిక్కిపోయింది పిల్ల" అని.

ఇంకో రహస్యం. లుడ్విగ్స్‌హాఫెన్ అని చూపించేవాటిలో చాలా సీన్లు బాడెన్-బాడెన్ అనే వేరే ఊరి చుట్టుపక్కల తీసినవే.

పెసరట్టు_మ్యూనిక్
రూర్_రమణ గారూ, ఊరు ఎంచుకోమన్నారు సరే, ఏ ఊరు? నవ్వు రావాలి, బుర్ర మరీ వేడెక్కకూడదు.

కాకినాడ_కాజా
మ్యున్‌స్టర్. మారు మాట్లాడకుండా మ్యున్‌స్టర్.

ల్యాబ్_కోటు
మ్యున్‌స్టరే. 2002 నుంచి నడుస్తోంది. ఆఫీసరు టీల్, సైకిలు మీద తిరుగుతాడు, ఫుట్‌బాల్ పిచ్చి. ఫోరెన్సిక్ ప్రొఫెసరు బ్యోర్నె, ఖరీదైన కార్లు, వైన్లు, తనను మించినవాడు లేడన్న ధీమా. ఖర్మ కొద్దీ బ్యోర్నె ఇంట్లోనే టీల్ అద్దెకుంటాడు. టీల్ వాళ్ల నాన్న టాక్సీ తోలుతూ గంజాయి పీలుస్తుంటాడు, కొడుకేమో పోలీసు. 2017 ఏప్రిల్‌లో వచ్చిన ఫాంగ్‌షుస్ అనే భాగాన్ని కోటీ 45 లక్షల మందికి పైగా చూశారు.

అయితే వృత్తిరీత్యా నా కడుపుమంట ఒకటుంది. బ్యోర్నె శవం దగ్గర వంగి చూసి "రాత్రి పదకొండుకీ పదకొండున్నరకీ మధ్య" అని తేల్చేస్తాడు. శరీరం చల్లబడే తీరును బట్టి లెక్క కడతాం నిజమే. కానీ గది వేడి ఎంత, మనిషి లావా సన్నమా, దుప్పటి కప్పి ఉందా, కిటికీ తెరిచి ఉందా, ఇన్ని చూసుకున్నాక కూడా గంటల తేడాతోనే చెప్పగలం. ఇంకోటి, జర్మనీలో కోర్టు పనికొచ్చే పోస్టుమార్టం ఒక్క డాక్టరు చేస్తే చెల్లదు. ఇద్దరుండాలని చట్టంలోనే ఉంది. బ్యోర్నె, అసిస్టెంటు హాలర్ కలిసి కోస్తే అక్షరాలా లెక్క సరిపోతుంది. ఆ తర్వాత ఆయన అనుమానితుల ఇళ్లకెళ్లి ప్రశ్నలు వేస్తాడు చూడు, అక్కడ నేను టీవీ మీదికి చెప్పు విసరబోయి ఆగుతాను. మా ప్రొఫెసరు అలా వెళ్తే ఆ సాయంత్రానికే ఉద్యోగం ఊడుతుంది.

గోదారిగట్టు_మాస్టారు
మీరంతా టాటోర్ట్ టాటోర్ట్ అంటున్నారు గానీ, జర్మన్ పోలీసాయన్ని మన ఇళ్లకి మొదట తీసుకొచ్చింది దూరదర్శన్ అండీ. 1980ల్లో ది ఓల్డ్ ఫాక్స్ అని వచ్చేది, ఇంగ్లీషులో డబ్బింగ్. ఆ రోజుల్లోనే టెలీమ్యాచ్ కూడా వేసేవారు, అదీ జర్మన్‌వాళ్లదే. మా వీధికంతటికీ ఒక్కటే టీవీ, కరణం గారింట్లో. స్టెబిలైజరు ఠక్కుమంటే అందరి గుండెలూ ఠక్కుమనేవి. మాకు ఆ ఇంగ్లీషు ముక్క అర్థమైతే ఒట్టు. పెదాలొకలా కదిలేవి, మాటొకలా వచ్చేది. అయినా కదలకుండా చూసేవాళ్లం.

ఆ పెద్దాయన, కోస్టర్. బట్టతల, మామూలు కోటు. గదిలోకొచ్చి కుర్చీలో కూలబడి ఏమీ అడగడు. అలా చూస్తూ కూర్చుంటాడు, అంతే. కాసేపటికి ఎదుటివాడికే ఉక్కపోసి ఏదో ఒకటి వాగుతాడు, దొరికిపోతాడు. మా హెడ్మాస్టరు గారు ఆ టెక్నిక్ మా మీద వాడేవారు. కాపీ కొట్టినవాణ్ని ఎదురుగా నిలబెట్టి ముక్కుపొడుం పీలుస్తూ ఊరికే చూసేవారు. పనిచేసేదండీ!

ఆ సీరియల్ ఏమైందో ఎవరికైనా తెలుసా?

రూర్_రమణ
మాస్టారూ, మీరు చెప్పింది డెర్ ఆల్టె. ఏఆర్‌డీది కాదు, జెడ్‌డీఎఫ్‌ది. 1977 ఏప్రిల్‌లో మొదలైంది, ఇంకా నడుస్తూనే ఉంది! మీ కోస్టర్ వేషం వేసినాయన జీక్‌ఫ్రీడ్ లోవిట్స్, 1986 దాకా సరిగ్గా వంద భాగాలు చేశాడు. ఆ తర్వాత రోల్ఫ్ షింఫ్ ఇరవై ఏళ్లు కూర్చున్నాడు. ఆ తర్వాత మరికొందరు మారారు. పెద్దాయన మారతాడు, సీరియల్ మారదు. కథంతా మ్యూనిక్‌లోనే, అంటే మన పెసరట్టు తమ్ముడి ఊళ్లోనే.

గోదారిగట్టు_మాస్టారు
ఇంకా నడుస్తోందా! ఆయ్, మా ఆవిడకి చెప్పాలి. కోస్టర్ గారిని ఏం చేశారండీ చివరికి? రిటైర్ చేశారా?

రూర్_రమణ
చెబితే మోడరేటర్ ఊరుకోడు.

మోడరేటర్_మూర్తి
1986 నాటి స్పాయిలర్‌కి మినహాయింపు ఇస్తున్నాను. చెప్పొచ్చు.

రూర్_రమణ
కాల్చి చంపేశారు మాస్టారూ.

గోదారిగట్టు_మాస్టారు
అయ్యయ్యో.

ఇటలీ_ఇందిర
ఇటలీలో మా ఇంటి ఓనరమ్మకి జర్మన్లంటే గిట్టదు, డెరిక్ అనే జర్మన్ పోలీసు సీరియల్ అంటే ప్రాణం. మధ్యాహ్నం భోజనం అయ్యాక పాత డెరిక్ భాగాలు పెట్టుకుని నిద్రపోతుంది. లేపితే "చూస్తున్నాను" అంటుంది. ఆ పెద్ద పెద్ద కళ్లు, కింద ఉబ్బిన సంచులు, నెమ్మది మాట. అదీ మ్యూనిక్ పోలీసే కదా? టాటోర్ట్ కన్నా అదే పెద్ద పేరని ఇక్కడివాళ్లు అంటారు.

రూర్_రమణ
బయటి దేశాల్లో అయితే అవును. 1974 నుంచి 1998 దాకా 281 భాగాలు, వందకు పైగా దేశాల్లో వేశారు. కథలన్నీ ఒక్క మనిషే రాశాడు, హెర్బర్ట్ రైనెకర్. 281కి 281.

ప్లీడరు_పద్మ
ఆ డెరిక్ కథలో రెండో పేజీ కూడా చదవాలి ఇందిరా. డెరిక్ వేషం వేసిన హోర్స్ట్ టాపర్ట్ 2008లో పోయాడు. 2013లో బయటపడిందేమిటంటే, యుద్ధకాలంలో అతను హిట్లర్ నాజీల సాయుధ దళం వాఫెన్ ఎస్‌ఎస్‌లో ఉన్నాడు, బతికినన్నాళ్లూ ఆ సంగతి చెప్పలేదు. దాంతో జెడ్‌డీఎఫ్ పునఃప్రసారాలు ఆపేసింది. రచయిత రైనెకర్ కూడా హిట్లర్ యువజన సంఘం పత్రికల్లో పనిచేసినవాడే, తర్వాత ఎస్‌ఎస్ యుద్ధ విలేకరి.

ఇటలీ_ఇందిర
తెలుసక్కా, పేపర్లో చదివాను. కానీ ఆ ముసలావిడకి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

కడప_కారం
ఒక యాక్టరు కుర్రతనంలో ఏం చేసినాడో దానికి సీరియల్ ఆపేస్తే ఎట్లబ్బా? రాసినోడు, తీసినోడు, కెమెరా పట్టినోడు, అందరి కష్టమూ బీరువాలో పెట్టి తాళమేసినట్టే కదా.

ప్లీడరు_పద్మ
సీరియల్ తగలబెట్టలేదు కారం గారూ, జనం డబ్బుతో నడిచే ఛానెల్ వెయ్యనంది. రెండూ వేరు. పైగా అది ఇరవై నాలుగేళ్ల పాటు "నిజం దాచినవాడు ఎప్పటికైనా దొరుకుతాడు" అని చెప్పిన సీరియల్. అందుకే జనానికి అంత మంట.

కడప_కారం
లా పాయింటు బాగుంది. ఒప్పుకోను గానీ బాగుంది.

డ్యూస్‌బర్గ్_పోరడు
అన్నలూ, అందరు మ్యూనిక్ గురించే మాట్లాడుతున్నరు. షిమాన్‌స్కి పేరు ఒక్కలన్నా తియ్యరేంది? నేను ఉండేది డ్యూస్‌బర్గ్ల, ఎమ్మెస్ చేస్తున్న. మా దగ్గర రూరోర్ట్ అని రేవు ఏరియా ఉంటది, ఆడ ఒక చిన్న గల్లీకి షిమాన్‌స్కి పేరు పెట్టిండ్రు. ఉత్తుత్త పోలీసు పేరు మీద గల్లీ! మొదటిసారి బోర్డు చూసి ఎవరో స్వాతంత్ర్య సమరయోధుడు అనుకున్న.

రూర్_రమణ
వస్తున్నా వస్తున్నా, దానికోసమే ఆగాను. మా రూర్ ప్రాంతం వాళ్లకి ఆయన దేవుడు.

1981 జూన్‌లో టాటోర్ట్‌లో షిమాన్‌స్కి మొదటి భాగం. అప్పటిదాకా జర్మన్ టీవీలో పోలీసంటే కోటు, టై, మర్యాద మాటలు. ఇది మొదలవగానే ఒక పాచి మొహం మనిషి, చెత్తచెత్తగా ఉన్న వంటిల్లు, గ్లాసులో రెండు పచ్చి గుడ్లు కొట్టి అలాగే గొంతులో పోసుకుంటాడు. కిటికీ అవతల ఉక్కు కార్ఖానాల పొగ. ఆయనే హోర్స్ట్ షిమాన్‌స్కి, వేషం వేసింది గ్యోట్స్ గేయోర్గె. పేరు చూస్తేనే తెలుస్తుంది, పోలండ్ నుంచి బొగ్గు గనులకి వలసొచ్చిన కుటుంబాల పేరు. తాగుతాడు, కొడతాడు, పై ఆఫీసరును తిడతాడు, సందు దొరికితే బూతు. పేపర్లలో ఒకటే గొడవ. ఇతనేం పోలీసు, మా ఊరి పరువు తీశారు అని డ్యూస్‌బర్గ్ పెద్దలే మొత్తుకున్నారు.

ఆ కాలం సంగతి తెలియాలి. బొగ్గు గనులు మూతబడుతున్నాయి, ఉక్కు ఫ్యాక్టరీల్లో మనుషుల్ని తీసేస్తున్నారు. షిమాన్‌స్కి ఆ గేట్ల ముందే తిరుగుతాడు, ఆ కార్మికుల బారుల్లోనే తాగుతాడు. 1991 దాకా 29 భాగాలు చేశాడు. పరువు పోయిందన్న ఊరే తర్వాత గల్లీకి పేరు పెట్టింది. ఆ లేత బూడిద రంగు జాకెట్టు ఇప్పటికీ ఇక్కడ పాత బట్టల కొట్లలో షిమాన్‌స్కి జాకెట్ అనే అడుగుతారు.

డ్యూస్‌బర్గ్_పోరడు
అగో, అదీ ముచ్చట. మా ఓనరు తాతకు ఉన్నది ఆ జాకెట్. చలికాలం వస్తే చాలు అదే తొడుగుతడు. కడిగినట్టు నేనైతే చూడలే.

కడప_కారం
మా రజనీకాంత్ టైపా ఆయన?

కాకినాడ_కాజా
రజనీ పచ్చిగుడ్లు తాగడు. గాల్లోకెగరేసి నోట్లో పట్టుకుంటాడు.

విసుగు_విశ్వం
అందరూ పొగుడుతున్నారు, నేను ఎదురు మాట్లాడతాను. పాత టాటోర్ట్ సంగతి నాకు తెలీదు. ఇప్పుడొచ్చేవాటిలో హత్య ఒక సాకు. ఈ వారం పందుల ఫారాల్లో దోపిడీ, వచ్చే వారం అద్దెల సమస్య, ఆ పై వారం శరణార్థులు, ఆ తర్వాత కృత్రిమ మేధ. హంతకుడు ఎవరో నాకు పోస్టరు చూసినప్పుడే తెలుస్తుంది: బాగా డబ్బున్నవాడు, గాజు గోడల ఇల్లు, ఆ ఇంట్లో ఒక్క పుస్తకం ఉండదు. గంటన్నర ఉపన్యాసం, చివర్లో సంకెళ్లు. నేను టీవీ రుసుం కింద నెలనెలా 18.36 యూరోలు కట్టేది ఇందుకా?

నైట్‌షిఫ్ట్_నర్సు
ఆ 18.36 నువ్వు చూసినా చూడకపోయినా కట్టాల్సిందే కదా విశ్వం. ఇంటికింత అని.

విసుగు_విశ్వం
అదే నా ఏడుపు.

ప్లీడరు_పద్మ
సమస్యను పెట్టుకోవడం తప్పెలా అవుతుంది? ఎవరి ఊళ్లో ఏం నలుగుతోందో అది చూపించడం మొదటి రోజు నుంచీ దాని స్వభావమే. మొట్టమొదటి భాగం టాక్సీ నాఖ్ లైప్‌జిగ్ చూడండి. పశ్చిమ బెర్లిన్‌కి వెళ్లే హైవే తూర్పు జర్మనీ గుండా పోతుంది. ఆ దారి పక్కన లైప్‌జిగ్ దగ్గర ఒక పిల్లాడి శవం దొరుకుతుంది, కాళ్లకి మాత్రం పశ్చిమంలో తయారైన బూట్లు. హాంబుర్గ్ ఆఫీసరు ట్రిమ్మెల్‌కి అక్కడ ఏ అధికారమూ లేదు. అయినా సొంతంగా బయల్దేరి, ఆగకూడని దారిలో కారు ఆపి, అవతల దిగుతాడు. 1970లో, బెర్లిన్ గోడ నిలబడి ఉండగా! దేశం రెండు ముక్కలైందని ఒక్క డైలాగు కూడా కొట్టరు. బూట్లు చాలు.

విసుగు_విశ్వం
అది నేనూ ఒప్పుకుంటా. బూట్లు చూపించి వదిలేసేవాళ్లు అప్పట్లో. ఇప్పుడైతే ఆ బూట్ల మీద ఇద్దరు ఆఫీసర్లు కారులో పది నిమిషాలు చర్చిస్తారు.

రూర్_రమణ
విశ్వం మాటలో సగం నిజముంది. చెత్త భాగాలు బోలెడు. కానీ ఏటా ముప్పై దాకా కొత్తవి తీస్తే అన్నీ ఎలా బాగుంటాయి? మధ్యలో పిచ్చి ప్రయోగాలూ చేస్తారు. 2014లో ఉల్రిష్ టుకుర్ అనే నటుడు మూరోట్ అనే ఆఫీసరుగా చేసిన భాగం ఒకటుంది, ఇమ్ ష్మెర్జ్ గెబోరెన్. పాత గుర్రాల సినిమా లాగా రైల్వే స్టేషన్లో మొదలై, నాటకం చెప్పినట్టు సూత్రధారుడొచ్చి చెబుతూ, అయిపోయేసరికి యాభై దాకా శవాలు. ఉపన్యాసం ఒక్క ముక్క లేదు. అది చూసి మళ్లీ మాట్లాడు.

డ్యూస్‌బర్గ్_పోరడు
యాభై శవాలా? గట్లయితే మన సినిమానే గదన్నా.

ఇటలీ_ఇందిర
వలస వచ్చినవాళ్లని ఎలా చూపిస్తారు అందులో? ఎప్పుడూ దొంగలుగానేనా?

ప్లీడరు_పద్మ
చాలా ఏళ్లు అలాగే చూపించారు, అనుమానితుడో బాధితుడో. 2008లో హాంబుర్గ్‌లో మెహ్మెట్ కుర్తులుష్ వచ్చాడు, టర్కీ మూలాలున్న మొదటి ముఖ్య ఆఫీసరు పాత్ర అదే. 2019లో గ్యోటింగెన్‌లో ఫ్లోరెన్స్ కసుంబా, మొదటి నల్లజాతి ఆఫీసరు. నిజానికి మాస్టారి ఓల్డ్ ఫాక్స్ ఈ విషయంలో ముందుంది. 1986లోనే చార్లెస్ హూబర్‌ని హెన్రీ జాన్సన్ అనే ఆఫీసరుగా పెట్టింది. ఆయన తర్వాత జర్మన్ పార్లమెంటులోనూ కూర్చున్నాడు.

బెడిసికొట్టినవీ ఉన్నాయి. 2007 డిసెంబర్‌లో ఒక భాగం అలెవీ కుటుంబంలో, అంటే టర్కీ నుంచి వచ్చిన ఒక మైనారిటీ మత శాఖ వాళ్లింట్లో, జరిగే కథగా తీశారు. ఆ సమాజం మీద శతాబ్దాలుగా ఉన్న ఒక పాత నిందను అదే కథలో మలుపుగా వాడారు. కొలోన్‌లో వేలమంది రోడ్డెక్కారు. తీసినవాళ్లకి ఆ నింద సంగతి తెలియదన్నారు. తెలియకపోవడమే కదా అసలు ఫిర్యాదు.

పెసరట్టు_మ్యూనిక్
పద్మ గారూ, మీరు లాయరు కదా. నాకో సందేహం. వీళ్లు ఎవరింటికెళ్లినా తలుపు తీసి కాఫీ ఇచ్చి అన్నీ చెప్పేస్తారేంటి? నిజంగా ఇంతేనా ఇక్కడ?

ప్లీడరు_పద్మ
కాదు. నేను ఇక్కడ మాస్టర్స్ చేశాను కాబట్టి రెండు వైపులా చూశాను.

మామూలు పోలీసు పిలిచినంత మాత్రాన సాక్షి వెళ్లి తీరాలని లేదు. ప్రాసిక్యూటరు ఆదేశం వెనక ఉంటేనే తప్పనిసరి. కేసు దర్యాప్తుకు పెద్ద చట్టప్రకారం ఆ ప్రాసిక్యూటరే. టాటోర్ట్‌లో ఆయన్ని ఎప్పుడూ ఫోన్లో విసుక్కునే పెద్దమనిషిగానే చూపిస్తారు, మ్యున్‌స్టర్‌లో అయితే ఆవిడ సిగరెట్ల మీద సిగరెట్లు. అనుమానితుడు నోరు విప్పక్కర్లేదు, ఆ మాట అతనికి ముందే చెప్పాలి. భర్త మీద భార్య సాక్ష్యం చెప్పనని తిరస్కరించొచ్చు.

మనకీ వాళ్లకీ అసలు తేడా ఇంకో చోట ఉంది. మన దగ్గర పోలీసు ముందు ఒప్పుకున్నది కోర్టులో చెల్లదు. పాత సాక్ష్యాధార చట్టం 25వ సెక్షన్, ఇప్పుడు కొత్త చట్టంలో 23. బ్రిటిష్‌వాడే మన పోలీసును నమ్మక పెట్టిన నిబంధన అది. జర్మనీలో బలవంతం, మోసం, బెదిరింపు లేకుండా రాబట్టినదైతే పనికొస్తుంది. అందుకే టాటోర్ట్ చివరి పది నిమిషాలు ఎప్పుడూ ఒక బల్ల, రెండు కుర్చీలు, టేప్ రికార్డరు. అక్కడ మనిషి విరిగిపోతే కథ ముగిసినట్టే. మన సినిమాలో ఆ సీనుకి చట్టప్రకారం విలువ లేదు కనక, హీరో క్లైమాక్స్‌లో గోడౌనుకి పోవాల్సి వస్తుంది.

కాకినాడ_కాజా
గోడౌన్ క్లైమాక్స్‌కి ఇంత చట్టపరమైన కారణం ఉందని ఇన్నాళ్లూ తెలియక చచ్చాం.

కడప_కారం
మరి కస్టడీ? ఇరవై నాలుగు గంటలేనా ఈడ కూడా?

ప్లీడరు_పద్మ
పట్టుకున్న మర్నాడు ముగిసేలోగా జడ్జి ముందు పెట్టాలి, రాజ్యాంగంలోనే ఉంది. అంటే పొద్దున్నే పట్టుకుంటే దాదాపు రెండు రోజులు దొరుకుతాయి. మనది గంటల లెక్క, ప్రయాణం పోను ఇరవై నాలుగు.

గోదారిగట్టు_మాస్టారు
మరి ఇద్దరే ఆఫీసర్లు ఊరంతా తిరిగి కేసు తేల్చేస్తారా అమ్మా నిజంగా?

ప్లీడరు_పద్మ
లేదు మాస్టారూ. పెద్ద హత్య కేసైతే పదుల మంది ఉంటారు. సగం మంది ఫోను రికార్డులు చూస్తూ, కాగితాలు నింపుతూ కూర్చుంటారు. హత్య కేసుల్లో నిందితుణ్ని తేల్చేది ఇక్కడ 90 శాతానికి పైమాటే, ఎందుకంటే చాలావాటిలో చంపినవాడు ఇంట్లోవాడో తెలిసినవాడో. గాజు గోడల ఇంటి కోటీశ్వరుడు చాలా అరుదు విశ్వం గారూ, ఆ మాటలో మీరే గెలిచారు.

విసుగు_విశ్వం
స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నా.

ల్యాబ్_కోటు
టైటిల్స్ గురించి ఎవరూ చెప్పలేదు. ఆ కళ్లు, చుట్టూ గురి గీతలు, తడి రోడ్డు మీద పరిగెత్తే కాళ్లు. 1970 నుంచి దాదాపు అవే. ఆ కళ్లూ కాళ్లూ హోర్స్ట్ లెట్టెన్‌మాయర్ అనే నటుడివి. ఒక్కసారి 400 మార్కులు, అంటే అప్పటి జర్మన్ డబ్బు, ఇచ్చి పంపారు, తర్వాత పైసా లేదు. ఆ మ్యూజిక్ క్లౌస్ డోల్డింగర్‌ది. మొదటి రికార్డింగులో డ్రమ్స్ వాయించిన కుర్రాడు ఉడో లిండెన్‌బెర్గ్, తర్వాత పెద్ద రాక్ స్టార్ అయ్యాడు. టైటిల్స్ డిజైన్ చేసినావిడ దశాబ్దాల తర్వాత నా పేరూ వేయండి, వాటా ఇవ్వండి అని మ్యూనిక్ కోర్టుకెళ్లింది. కింది కోర్టులో గెలిచింది, పై కోర్టులో ఓడింది.

డ్యూస్‌బర్గ్_పోరడు
400 మార్కులకు యాభై ఏండ్లు ఉరికిండు పాపం.

పెసరట్టు_మ్యూనిక్
నిన్న రాత్రి మ్యున్‌స్టర్ ఒకటి చూశా. టీల్ వాళ్ల నాన్న సీనులో పగలబడి నవ్వా, పక్కింటాయన గోడ కొట్టాడు. జర్మన్ సబ్‌టైటిల్స్‌తో ముప్పాతిక వంతు అర్థమైంది. బ్యోర్నె మాత్రం మధ్యమధ్యలో లాటిన్ మాట్లాడుతున్నాడు, అది బీ2లో ఉంటుందా?

నైట్‌షిఫ్ట్_నర్సు
సీ1లో కూడా ఉండదు. ఆయన తిట్లు నేర్చుకో, మర్యాదగా ఉంటాయి, ఆఫీసులో పనికొస్తాయి.

ల్యాబ్_కోటు
ఇంకోటి విను, ఆ మ్యున్‌స్టర్ కూడా చాలావరకు కొలోన్‌లో తీసిందే. కొలోన్ టాటోర్ట్‌లో మాత్రం కొలోనే ఉంటుంది. బల్లౌఫ్, షెంక్ అనే ఇద్దరు 1997 నుంచీ కేసు అవగానే రైన్ ఒడ్డున బండి దగ్గర నిలబడి సాసేజ్ తింటారు, వెనకాల పెద్ద చర్చి గోపురాలు. నవ్వు తగ్గి కథ పెరగాలంటే తర్వాత అక్కడికెళ్లు. ఆ తర్వాత కీల్ ఊరి బొరోవ్‌స్కి, అందులో 2012లో వచ్చిన డెర్ ష్టిల్లె గాస్ట్. రాత్రి ఒంటరిగా చూడకు. ఎందుకో చెప్పను.

పెసరట్టు_మ్యూనిక్
మా ఊరి జంట మాటేంటి? తల నెరిసిన వాళ్లు?

రూర్_రమణ
బాటిచ్, లైట్‌మాయర్. 1991 జనవరి 1న మొదలెట్టినప్పుడు తల నల్లగానే ఉండేది. వంద కేసులు చేసి దిగిపోతామని ప్రకటించారు. పాతవి ముందు చూడు, మ్యూనిక్‌లో అద్దెలు అందుబాటులో ఉన్న రోజులు కనపడతాయి.

పెసరట్టు_మ్యూనిక్
అది సైన్స్ ఫిక్షన్ కదా అన్నా.

డ్యూస్‌బర్గ్_పోరడు
ఎవరన్న డ్యూస్‌బర్గ్, ఎస్సెన్ దిక్కు ఉంటే చెప్పుండ్రి. మా యూనివర్సిటీ పక్కన ఒక బార్ల ఆదివారం పెద్ద తెర మీద టాటోర్ట్ ఏస్తరు. హంతకుడెవరో సగంలనే చీటీ రాసి డబ్బాల ఏయాలె, కరెక్ట్ చెప్పినోళ్లకు ఒక బీరు ఫ్రీ. ఎనిమిదింటికే రావాలె, వార్తలు అయ్యేసరికి కుర్చీలు దొరకవు.

రూర్_రమణ
నేనొస్తా. డార్ట్‌మండ్ నుంచి రైల్లో దూరమేం కాదు. అయితే ఈ ఆదివారం టాటోర్ట్ లేదు, పోలిట్సైరూఫ్ 110 ఉంది. తూర్పు జర్మనీ వాళ్లు 1971లో దీనికి పోటీగా మొదలెట్టిందది. దేశం కలిశాక కూడా బతికింది, ఇప్పుడు అదే టైములో వంతులవారీగా వేస్తారు.

డ్యూస్‌బర్గ్_పోరడు
హంతకుడు ఉంటడు గదా?

రూర్_రమణ
ఉంటాడు.

డ్యూస్‌బర్గ్_పోరడు
ఇంకేందన్నా మరి, వచ్చెయ్. రెండు చీటీలు రాద్దాం.